ఆందోళన అంటే కంగారు కాదట: పర్లాకిమిడిలో నా చరిత్ర చదువు

ఏడో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడి తెలుగువాళ్ళకి అది కొత్తేం కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో సగం తెలుగు సగం ఒడియా. కానీ నేను చదివిన బడిలో తెలుగు మాస్టార్లు ఒక్కొక్కరే రిటైర్ అయ్యారు, వాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. పుస్తకాలు దసరా సెలవులు దాటాక వచ్చేవి. నాన్న విసిగిపోయి ఎనిమిదిలో నన్ను ఒడియా మీడియం హైస్కూల్లో వేశారు.

నాకు ఒడియా వచ్చనే అనుకున్నాను. కూరగాయల బేరమాడగలను, పక్కింటి మావుసితో (ఒడియాలో పిన్ని) గంటలు గంటలు మాట్లాడగలను. అక్షరాలు నెల రోజుల్లో పట్టుబడ్డాయి, మన గుండ్రటి అక్షరాలకి దగ్గరే కదా. లెక్కలు, సైన్సు ఎలాగో లాగించాను. నన్ను ముంచింది చరిత్ర.

మొదటి దెబ్బ అంకెల దగ్గరే తగిలింది. ఒడియా పుస్తకాల్లో ఏళ్ళు కూడా ఒడియా అంకెల్లోనే ఉంటాయి. వాళ్ళ నాలుగు అచ్చం మన 8లా కనిపిస్తుంది. ఒకరోజు మాస్టారు నన్ను లేపి చదవమంటే "1982లో గాంధీజీ క్విట్ ఇండియా అన్నారు" అని చదివాను. "ఎవరినమ్మా, ఇందిరా గాంధీనా?" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

అసలు చిక్కు తెలియని మాటలతో కాదు, తెలిసిన మాటలతో వచ్చింది. తెలియని మాటైతే ఎవర్నో అడుగుతాం. తెలిసిందనుకున్న మాటని ఎవరూ అడగరు. పుస్తకంలో "భారత ఛాడ ఆందోళన" అని ఉంటే, భారతదేశం వదిలి వెళ్ళాలంటే తెల్లవాళ్ళకి ఎంత టెన్షన్ అయిందో అనుకున్నాను. ఒడియాలో ఆందోళన అంటే ఉద్యమం. సహాయ నిరాకరణ "అసహజోగ ఆందోళన", శాసనోల్లంఘన "ఆఇన అమాన్య ఆందోళన". పోనీ ఉద్యమం అని రాస్తే సరిపోతుందా అంటే, వాళ్ళకి ఉద్యమ అంటే ప్రయత్నం. ఒక టెస్టులో దండి యాత్ర మీద సగం పేజీ రాసి, ఉప్పు తయారు చేయడానికి గాంధీజీ చేసిన ప్రయత్నంగా దాన్ని మార్చేశాను. మాస్టారు మార్కులు కోయలేదు గానీ, పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

పాఇక బిద్రోహ దగ్గర ఇంకా పెద్ద పొరపాటు. ఒడియాలో బిద్రోహ అంటే తిరుగుబాటు. మనకి విద్రోహం అంటే ద్రోహం లాంటి పాడు మాట. 1817లో ఖుర్దాలో బక్షి జగబంధు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డాడు. పాఇకులు రాజు కోసం యుద్ధం చేసి, బదులుగా భూములు అనుభవించేవాళ్ళు. కంపెనీ వచ్చాక ఆ భూములు పోయాయి. నేనేమో విద్రోహి అన్నారు కాబట్టి జగబంధు దుర్మార్గుడని తేల్చుకుని, పాఠం చివర్లో అతన్ని ఎందుకు పొగిడారో అర్థంకాక రెండు రోజులు కొట్టుకున్నాను.

ఇక ప్రతాపరుద్రుడు. తెలుగు బడిలో చదువుకున్న ఏ పిల్లకైనా ప్రతాపరుద్రుడంటే కాకతీయుడే. ఓరుగల్లు, 1323, ఢిల్లీ సైన్యం. ఒడియా మాస్టారు "ప్రతాపరుద్ర దేబ గురించి చెప్పు" అంటే ఎప్పుడూ లేనంత ధైర్యంగా లేచి గడగడా అప్పజెప్పాను. ఆయన అడిగింది గజపతి ప్రతాపరుద్రుణ్ణి. రెండు వందల ఏళ్ళ తర్వాతి మనిషి. చైతన్యుడి భక్తుడు, కృష్ణదేవరాయలతో యుద్ధం చేసినవాడు, ఆఖరికి కూతుర్ని రాయలకే ఇచ్చినవాడు. ఇంటికొచ్చి చెబితే తాత ఒకటే నవ్వు. "రాయలు కొండవీడు కొట్టినాడని కూడా చెప్పలేకపోయినావేటే గుంటా?" అన్నాడు. చెప్పేదాన్నే గానీ, ఆ క్లాసులో 1515 కొండవీడు అంటే ఓడిపోయిన లెక్క. మా ఇంట్లో మాత్రం అది గెలిచిన లెక్క. ఆ రోజు నుంచి ఏ యుద్ధం చదివినా, చెబుతున్నది ఎవరో ముందు చూసుకోవడం అలవాటైంది.

అమ్మ ఓదార్పు ఇంకోరకం. గిడుగు రామమూర్తి గారు ఇదే ఊళ్ళో రాజావారి బడిలో 1880లో చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. సవర గిరిజనులని ఇంటికి పిలిపించుకుని వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు. ముఖలింగం గుడిలో శాసనాలు చదివి గాంగ రాజుల మీద వ్యాసాలు రాశారు. "ఆయనకి సవర వచ్చింది, నీకు ఒడియా రాదా?" అనేది. గిడుగు వారు మహానుభావులే గానీ, ఆయనకి మెట్రిక్‌లో సవర పేపర్ లేదు కదా అని నా బాధ.

దారి చూపించింది మావుసి వాళ్ళ అమ్మాయి. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అపా (అక్క) అని పిలిచేదాన్ని. ఒక నోట్సు ఇచ్చి నిలువుగా గీత కొట్టమంది. ఎడమ వైపు ఒడియా మాట, కుడి వైపు దాని అసలు అర్థం. నాకు తెలుసు అనిపించిన మాట కూడా రాయాల్సిందే, అదీ షరతు. రెండోది, పెద్ద వాక్యాలు రాయొద్దంది. కారణం ఒకటి, జరిగింది ఒకటి, ఫలితం ఒకటి, అన్నీ చిన్న వాక్యాలు. "హేలా" (అయింది), "థిలా" (ఉండేది)తో ముగించెయ్, ఎవరూ తప్పు పట్టరు అంది. నా జవాబులు టెలిగ్రాముల్లా ఉండేవి. కానీ మార్కులు పడ్డాయి. పదిలో టెస్ట్ పేపర్ పుస్తకం కొని, రోజూ సాయంత్రం రెండు ప్రశ్నలు రాసి చూపించేదాన్ని. లక్ష్మణ్ నాయక్ గురించి రాసిన రోజు ఒక్క తప్పూ లేదు. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగిన కొరాపుట్ గిరిజన నాయకుడు, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. మా మేనత్తది బరంపురం. ఆ జైలు గోడ పక్కనుంచి ఎన్నిసార్లు ఆటోలో వెళ్ళానో.

పదో తరగతిలో ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం పాఠం మాత్రం నన్ను చాలాసేపు ఆపింది. 1903లో ఒడియా ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని మధుసూదన దాస్ పెట్టిన ఉత్కళ సమ్మిళని, తర్వాత లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన మా ఊరి రాజు కృష్ణచంద్ర గజపతి, సరిహద్దుల సంగతి చూసిన ఓడొనెల్ కమిటీ, చివరికి రాష్ట్రం ఏర్పడ్డ 1936 ఏప్రిల్ 1. అప్పటిదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. ఊరు ఒరిస్సాకి వచ్చింది, కొంత మద్రాసులోనే ఉండిపోయింది. మాస్టారు వివరిస్తూ, ఆ రోజుల్లో ఈ ప్రాంతం ఒడియా పిల్లలకి సొంత భాషలో బడులు సరిగ్గా ఉండేవి కావు, చాలాచోట్ల తెలుగులోనే చదవాల్సి వచ్చేది, ఆఫీసుల్లోనూ తెలుగువాళ్ళే అన్నారు. నేను ఆ మాటల్ని ఒడియాలో నోట్సు రాసుకుంటున్నాను, మధ్యలో ఒక మాట రాక పక్కమ్మాయి పుస్తకంలోకి చూస్తూ. చెయ్యి ఆగిపోయింది.

మాస్టారు చూశారు. క్లాసు అయ్యాక దగ్గరికి పిలిచి, చక్కటి తెలుగులో "నీకేమనిపించిందో అది కూడా చివర్లో ఒక వాక్యం రాసుకో. పరీక్షలో రాయకు" అన్నారు. రెండున్నరేళ్ళలో ఆయన నాతో తెలుగు మాట్లాడటం అదే మొదలు. ఇంత తెలుగు పెట్టుకుని ఆ 1982 రోజు ఎందుకు ఊరుకున్నారో అని కోపం కూడా వచ్చింది.

పరీక్ష సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. బిట్లు తొందరగా అయిపోయాయి, రాత ప్రశ్నల దగ్గర చెయ్యి నొప్పెట్టింది. ఆందోళన అని రాయాల్సిన చోటల్లా ఆందోళన అనే రాశాను. తర్వాత సోషల్‌లో 68 వచ్చాయి. అపా 75 అనుకుందట.

ఆ సాయంత్రం తాత అరుగు మీద కూర్చుని ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకున్నాడు. ఒడియా చదవడం రాదు గానీ తిప్పి తిప్పి చూశాడు.

"రాజుగారి గురించి అడిగినారా?"

"అడిగారు తాతా."

"ఎస్టేటు రెండు ముక్కలయింది రాసినావా?"

"రాశాను."

"మన పొలం పాతపట్నం దిక్కుండిపోయింది, మనం ఇటుండిపోయినాం. అది రాసినావా?"

"అది పుస్తకంలో లేదు తాతా."

"అలాగేటి," అని పేపరు మడిచి నాకిచ్చేశాడు.