ఉత్త గిన్నె

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున లేస్తూనే పెరట్లో ఎండిపోయిన టమాటా మొక్కలు పీకేయాలనుకున్నాను. పీకలేదు. కారుకి ఆయిల్ మార్పించాలి, అది మూడోసారి వాయిదా పడింది. ఇవాళ చేసిన పనల్లా ఒక కవరు విప్పడం, రెండు కవర్లు అంటించడం. దానికే రోజంతా పట్టిందని మా ఆవిడ అంటోంది. పట్టింది మరి.

విప్పిన కవరు సిన్సినాటి నుంచి వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. మనిషిని చూడలేదు, గొంతు కూడా వినలేదు. ఇంకో కలెక్టర్ ద్వారా పరిచయమై, రెండేళ్ళుగా ఇద్దరం పోస్టులో బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ళ ఫొటోలు అచ్చేసిన చిన్న అట్టలు, ఇచ్చిపుచ్చుకుంటున్నాం. ఆయనకి వాళ్ళ ఊరి జట్టు రెడ్స్ కావాలి, నాకు టెక్సస్ జట్టు రేంజర్స్ కావాలి. నేనుండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో కాబట్టి రేంజర్స్. ఆయన చిన్నప్పుడు 1975లో, 1976లో వరసగా వరల్డ్ సిరీస్ కొట్టారు కాబట్టి రెడ్స్. ఇంతకు మించిన కారణాలు మా ఇద్దరి దగ్గరా లేవు.

ఆయన కవరు విప్పడమే ఒక ముచ్చట. ముందు సీరియల్ డబ్బా నుంచి కత్తిరించిన అట్టముక్కలు రెండు, వాటిని కలిపి చుట్టిన నీలం టేపు. గోడలకి రంగులేసేవాళ్ళు వాడే టేపు అది, జిగురు వదలదు. దాని కొస అర అంగుళం లోపలికి మడిచి ఉంటుంది, గోటితో గీకే పని లేకుండా పట్టుకుని లాగడానికి. అట్టల మధ్య టాప్‌లోడర్, అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగు. దాని లోపల పల్చటి స్లీవు, స్లీవులో కార్డు. టాప్‌లోడర్ మూతి మీద కూడా అదే నీలం టేపు, అదే మడత. ఎవరో కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు ఒకసారి నాకు చుట్టూ పార్సిల్ టేపు బిగించి పంపాడు. కూరగాయల చాకుతో కోస్తే కార్డు మూల తెగింది. తప్పు వాడిదా నాదా అని ఇప్పటికీ తేలలేదు, చాకు మాత్రం నాదే.

ఇవాళ్టి కవర్లో నోలన్ రయన్‌వి రెండు, ఒక కుమార్. ఈ కుమార్ కార్డు నా దగ్గర ఇదివరకే మూడున్నాయి. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసే పంపాడు.

కుమార్ అంటే కుమార్ రాకర్, రేంజర్స్ పిచర్, అంటే బంతులేసేవాడు. నాన్న ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్. అమ్మ తరఫున అమ్మమ్మా తాతయ్యా ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పందొమ్మిది మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రయికులతో ఔట్ చేశాడు. ఆ తర్వాత కష్టాలు. 2021లో కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జట్టు మెట్స్ ఎంచుకుని కూడా వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదుర్చుకోలేదు. మరుసటేడు రేంజర్స్ మూడో పిక్‌తో తీసుకున్నారు, 2023లో మోచేతికి ఆపరేషన్ అయింది. 2024లో తేరుకుని మా ఊరి జట్టు రఫ్‌రైడర్స్ తరఫున (అది రేంజర్స్‌కి కింది స్థాయి జట్టు) కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. ఆ గ్రౌండు మా ఇంటికి పావుగంట. ఈ వారం వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ ఉండగానే పై స్థాయికి పంపేశారు, సెప్టెంబరు 12న సియాటెల్‌లో మేజర్ లీగ్ మొదటి మ్యాచ్ ఆడేశాడు. నాలుగు ఇన్నింగ్సుల్లో ఏడు స్ట్రయికౌట్లు. నేను టీవీలో చూశాను. పావుగంట దూరంలో ఉన్నప్పుడు చూడనివాడిని ఇప్పుడు అట్టముక్కల మీద పోగేస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉందిలెండి. నా పేరు చివరా కుమార్ ఉంది. ఇంట్లో, ఊళ్ళో ఎవరూ నన్ను అలా పిలవలేదు. ఇక్కడి ఆఫీసులో మాత్రం పదిహేనేళ్ళుగా అందరికీ నేను కుమారే. ఆ పేరు బేస్‌బాల్ కార్డు మీద అచ్చయి కనపడితే ఒకలాంటి తమాషా.

అమ్మ వచ్చి రెండు నెలలైంది. సోఫాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"ఏంట్రా, ఇందాకట్నుంచి దీపం కింద పెట్టి చూస్తున్నావ్?"

"కుమార్ అమ్మా. బంతులేస్తాడు. వాళ్ళమ్మ వైపు మన ఇండియా."

"అవునా, ఏ ఊరు?"

"అట్ట వెనక తాతల ఊళ్ళు వెయ్యరమ్మా."

చేతులు తుడుచుకుని తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. "కుర్రాడు బలంగా ఉన్నాడు" అని ఇచ్చేసింది.

ఇక నా ఘనకార్యం. పోయిన నెల రెండు కవర్లు సిద్ధం చేశాను. ఒకటి సిన్సినాటి పెద్దాయనకి రెడ్స్ కార్డులు, ఇంకోటి మిల్వాకీలో ఒకావిడకి వాళ్ళ ఊరి జట్టు బ్రూవర్స్ కార్డులు. రెండూ టాప్స్ అనే కంపెనీ 1987లో వేసినవే. గరాజ్ సేల్‌లో ఒక చెక్కపెట్టె నిండా దొరికాయి, పది డాలర్లు. 1987 టాప్స్ అంటే చుట్టూ చెక్కరంగు అంచు ఉంటుంది, మా తెనాలి ఇంట్లో తాతగారి రేడియో పెట్టె గుర్తొస్తుంది. మొత్తం సెట్ 792 కార్డులు. ఆ రోజుల్లో ఎంత అచ్చేశారంటే ఇప్పటికీ ఎవరికీ కరువు లేదు. సరే, కవర్లు అంటించి, అడ్రసు చీటీలు ఒకదాని మీదది ఇంకోదాని మీద అతికించేశాను. రెడ్స్ మిల్వాకీకి, బ్రూవర్స్ సిన్సినాటికి వెళ్ళాయి.

వారం తర్వాత పెద్దాయన దగ్గర్నుంచి మెయిల్: "రాబిన్ యౌంట్, పాల్ మాలిటర్ చాలా బాగున్నారు, కానీ నేనేం తప్పు చేశాను?" నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరికీ క్షమాపణలు చెప్పి, ఒకరి చిరునామా ఒకరికి ఇవ్వొచ్చా అని అడిగాను. వాళ్ళే ఎదురెదురు పంపుకున్నారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ కూడా ఇచ్చిపుచ్చుకుంటున్నారట, నా ప్రమేయం లేకుండా. సంబంధం కుదిర్చిన పేరయ్యని పెళ్ళికి పిలవనట్టుంది నా పరిస్థితి.

ఒక్క చిక్కు మిగిలింది. మిల్వాకీ ఆవిడ బారీ లార్కిన్ రూకీ కార్డుతో (ఆటగాడి తొలి కార్డుని అలా అంటారు) సహా రెడ్స్ అన్నీ పంపేసింది, రాన్ రాబిన్సన్‌ని తప్ప. "వీడు మావాడు కూడా, ఉంచుకుంటున్నాను" అందట. నిజమే. రాబిన్సన్‌ని రెడ్స్ 1990లో బ్రూవర్స్‌కి ఇచ్చేశారు, అక్కడ ఆ ఏడాది బాగా ఆడాడు. పెద్దాయన లార్కిన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. లార్కిన్ హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, అంటే మేటి ఆటగాళ్ళ జాబితాకి ఎక్కినవాడు, ఆయన కార్డులు అందరి దగ్గరా ఉంటాయి. రాబిన్సన్ రాలేదని మాత్రం పేజీ నిండా రాశాడు.

1988 మే 2న మాంట్రియల్ మీద రాబిన్సన్ వరసగా ఇరవై ఆరు మందిని ఔట్ చేశాడు. ఒక్కడు కూడా బేస్ మీదకి రాలేదు. ఇరవై ఏడో వాడిని కూడా ఔట్ చేస్తే పర్ఫెక్ట్ గేమ్. రెండు స్ట్రయికులు పడ్డాయి, ఇంకొక్కటి చాలు. వాలెస్ జాన్సన్ సింగిల్ కొట్టి మొదటి బేస్ మీదకి చేరిపోయాడు. నాలుగున్నర నెలల తర్వాత, సెప్టెంబరు 16న, అదే రెడ్స్‌లో టామ్ బ్రౌనింగ్ డాడ్జర్స్ మీద పర్ఫెక్ట్ గేమ్ పూర్తి చేశాడు. "బ్రౌనింగ్‌ని అందరూ దాచుకుంటారు, నేను రాబిన్సన్‌ని దాచుకుంటాను" అని పెద్దాయన ఉత్తరం. ఇంట్లో ఆ రాత్రి రేడియో పెట్టుకుని విన్నాడట.

అందుకని మధ్యాహ్నం భోజనం కాగానే చెక్కపెట్టె మళ్ళీ బోర్లించాను. ఇంకో రాబిన్సన్ ఉండకపోతాడా అని. రెండు గంటలు. మా పదకొండేళ్ళవాడు వచ్చి చూసి, "వీటిలో ఒక్కటైనా మెరవదేంటి నాన్నా?" అని పోకెమాన్ దగ్గరకి వెళ్ళిపోయాడు. మొత్తానికి దొరికాడు. వెనకవైపు గులాబీ రంగు మరక. అప్పట్లో ప్యాకెట్లో కార్డులతో పాటు ఒక బబుల్‌గమ్ రేకు ఉండేది, అది ఏళ్ళ తరబడి ఆనుకుని ఉండి అంటిన మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా తీపి వాసన ఉందేమో అనిపించింది. అట్ట వాసనే అయి ఉంటుంది.

అమ్మకి ఈ పెట్టె చూస్తే నవ్వు. "చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు, ఇప్పుడివీ" అంటుంది. నా అగ్గిపెట్టె బొమ్మలు నూటముప్పై. ఒక ఓడ బొమ్మకి రెండు చీతా ఫైట్‌లు, అదీ మా వీధి రేటు. నేను ఎనిమిదో తరగతిలో హాస్టల్‌కి వెళ్ళిన వారానికి అమ్మ వాటిని వేణ్ణీళ్ళ పొయ్యిలో వేసింది. అమ్మలు అంతే, ఇక్కడా అదే కథ. కొడుకులు చదువులకి వెళ్ళగానే తల్లులు చెప్పుల డబ్బాలతో సహా పారేయడం వల్లే పాత కార్డులు అరుదయ్యాయంటారు. తయారుచేసినవాళ్ళే పారేసిన కథ కూడా ఉంది: అమ్ముడుపోని 1952 కార్డులని టాప్స్ వాళ్ళు 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోశారు. మిగిలినవాటిలో ఒక మికీ మాంటిల్ 2022లో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. 1987వి మాత్రం ఎవరూ పారెయ్యలేదు, ముందుముందు ధర పలుకుతాయని అందరూ దాచారు. అందుకే పది డాలర్లకి పెట్టెడు.

మేం ఇచ్చిపుచ్చుకునేవాటికి ధర కట్టం. బబుల్ మెయిలర్‌కి, అంటే లోపల గాలిబుడగల పొర ఉన్న కవరుకి, పోస్టేజీ డాలర్లలో అవుతుంది, లోపల ఉన్నవన్నీ కలిపినా డాలర్ చెయ్యవు. సరుకు కన్నా బండి కిరాయి ఎక్కువ. రెండు మూడు కార్డులైతే మామూలు తెల్ల కవర్లో ఒక స్టాంపుతో వెళ్ళిపోతాయి, అప్పుడు గట్టి తొడుగు పెట్టకూడదు, మిషన్లో వంగదు. ఇవి లెక్కలు. లెక్కకి రానిది ఒకటుంది: ఆయన మూడు పంపితే నేను ఐదు పంపాలి, నేను ఐదు పంపితే ఆయన తొమ్మిది పంపుతాడు. ఎవరూ పెట్టని రూలు. బాకీ ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఉంటుంది. తీరిపోతే ఇద్దరికీ ఉత్తరం రాసే పనుండదు.

సాయంత్రం అమ్మకి ఇది చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. అమ్మ సగంలోనే ఆపింది. "ఇందులో చెప్పేదేముందిరా, ఉత్త గిన్నె తిరిగివ్వకూడదు, అంతే కదా." పక్కింటి సుబ్బమ్మత్త పులుసు పంపిస్తే ఆ గిన్నెలో మనం రెండు అరిసెలో, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో వేసి పంపేవాళ్ళం. అదీ పోలిక. తర్వాత తనే నవ్వుతూ "ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం" అంది, నా చేతిలో టాప్‌లోడర్ చూసి.

సిన్సినాటి కవర్లో రాబిన్సన్, ఎరిక్ డేవిస్, ఇంకో నలుగురు రెడ్స్. మిల్వాకీ కవర్లో బ్రూవర్స్ ఆరుగురు. నీలం టేపు, కొస మడత. అంతా అయ్యాక అమ్మ తన చేతిసంచిలోంచి ఏదో తీసి టేబుల్ మీద పెట్టింది. తెనాలి బట్టల కొట్టువాళ్ళు ఇచ్చిన జేబు క్యాలెండర్. ముందు వెంకటేశ్వరస్వామి, వెనక పన్నెండు నెలలు, పండగలు ఎర్ర అంకెల్లో. "మరక పడ్డ అట్ట ఒక్కటే పంపితే ఏం బాగుంటుంది? ఇది కూడా పెట్టు."

"వాళ్ళు క్రిస్టియన్స్ ఏమోనమ్మా."

"తారీఖులకి మతమేంట్రా."

స్లీవులో పెట్టి చూశాను. రెండున్నర అంగుళాల కొలతకి సరిగ్గా సరిపోయింది, పైన కాస్త వదులు అంతే. టాప్‌లోడర్‌లోకి దించి మూతికి టేపేశాను. పెద్దాయన దీన్ని తిప్పి చూసి తికమక పడతాడని, చిన్న పసుపు చీటీ మీద రాసి పెట్టాను: ఇది మా అమ్మ పంపింది, వెనక ఉన్న అంకెలు స్కోర్లు కావు, తేదీలు.

అంటించబోతుంటే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. రెండు కవర్లూ పక్కపక్కన పెట్టించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అడ్రసులు చదివింది. తను చదివేదాకా నన్ను టేపు ముట్టుకోనివ్వలేదు.