కుంతలలో నీళ్ళ రంగు మారినప్పుడు

మాది మాచర్ల వైపు. జలపాతమంటే మాకు ఎత్తిపోతలే. గట్టు మీద కమ్మీ పట్టుకుని నిలబడి 70 అడుగుల ధారను పైనుంచి చూస్తాం. సాగర్ కుడికాలువ నీళ్ళు వదిలితే వాన లేకున్నా అది పారుతుంది. ఆదిలాబాద్ జిల్లాలోని కుంతల జలపాతం అలా కాదు. కడెం వాగు 150 అడుగులకు కాస్త అటూఇటూగా రెండు అంచెల్లో దూకుతుంది, చూడాలంటే లోయలోకి మనమే దిగాలి. నీళ్ళకు వాన ఒక్కటే దిక్కు.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కితే నేరడిగొండ. అక్కడ హైవే వదిలి లోపలికి 12 కిలోమీటర్లు. బస్సులో వచ్చేవాళ్ళకు అసలు ఇబ్బంది ఇక్కడే. షేర్ ఆటో దొరకడం కష్టం, మొత్తం ఆటో మాట్లాడుకోవాలి. రానుపోను 800 అడిగి 600కి ఒప్పుకున్నారు. ఆ దూరానికి ఎక్కువే. బేరం మాట్లాడేటప్పుడే కింద మూడు గంటలు ఆగాలని చెప్పండి, లేకపోతే తిరుగు ప్రయాణంలో వెయిటింగ్ పేరుతో మళ్ళీ పేచీ.

మెట్లు 400కు పైనే. దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట దాటుతుంది. హవాయి చెప్పులు వద్దు. రాయి తడిస్తే కన్నా, రాయి మీద ఆకు తడిస్తే ఎక్కువ జారుతుంది. మెట్టు అంచున కాకుండా లోపలివైపు పాదం పూర్తిగా ఆన్చి దిగాలి. ఎక్కేటప్పుడు నలభై మెట్లకోసారి ఆగితే మోకాళ్ళు నిలుస్తాయి, ఒక్క దమ్ములో ఎక్కినవాళ్ళు సగంలో కూలబడుతున్నారు. మనిషికో లీటరు నీళ్ళు చేత ఉండాలి. పెద్దవాళ్ళను అడుగు దాకా తీసుకెళ్ళాలన్న పట్టుదల వద్దు, చెట్ల సందున ధార కనిపించిన చోటే కూర్చోబెట్టండి.

కింద నిలబడితే తుంపర మొహానికి కొడుతుంది, పక్కమనిషి మాట వినపడదు. మేం దిగేసరికి గుండంలో నీళ్ళు ఆకుపచ్చగా, అంచున రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. మంచి ఎండ. ముప్పావుగంట గడిచిందో లేదో, ధార ఒక పక్కన టీ రంగుకు తిరిగింది. చిన్నచిన్న పుల్లలు, ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. మక్కబుట్టలు కాల్చే పెద్దాయన (మా వైపు మొక్కజొన్న పొత్తులంటాం) కేకేశాడు.

"ఎక్కుండ్రి సార్, బోథ్ దిక్కు వాన పడ్డది."

మా నెత్తిన చినుకైనా లేదు. అయినా ఆయన మాటే నిజం. ఈ వాగుకు నీళ్ళు బోథ్, బజార్‌హత్నూర్ మండలాల వైపు నుంచి వస్తాయి. అక్కడ పడ్డ వాన కాసేపటికి ఇక్కడ తేలుతుంది. ముందు రంగు మారుతుంది, తర్వాత చెత్త వస్తుంది, ఆ వెనకే మట్టం పెరుగుతుంది. మేం సగం మెట్లు ఎక్కి తిరిగి చూస్తే, ఇందాక బ్యాగు పెట్టుకున్న బండ మీదుగా ఎర్రనీళ్ళు పోతున్నాయి.

ఈత వచ్చు కదా అని గుండంలో దిగేవాళ్ళకు ఒక్క మాట. ధార పడేచోట తెల్లటి నురుగంతా గాలి కలిసిన నీళ్ళు. అవి మామూలు నీళ్ళలా మనిషిని తేల్చవు. పైగా పడిన నీరు అడుగుకు పోయి, పైకి లేచి, మళ్ళీ ధార కిందకే తిరుగుతుంది. అందులో చిక్కినవాణ్ణి బయటికి నెట్టదు, వెనక్కే లాగుతుంది. ఒడ్డున బండలు లోపలికి వాలుగా, పాచి పట్టి ఉన్నాయి, చేతికి పట్టు దొరకదు. తాడు కట్టిన చోటుకు అవతల అడుగు పెట్టకండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ధార నిండుగా ఉంటుంది. జోరువానల్లో దిగనివ్వరు, ఆ రోజుల్లో అంతదూరం రావడం దండగ. వాన తెరిపిచ్చిన రెండో రోజో మూడో రోజో సరైన సమయం. శివరాత్రి నాటికి ధార పలచబడుతుంది. ఇక్కడ వెలసిన సోమేశ్వరుణ్ణి కొలవడానికి జనం అప్పుడే పోటెత్తుతారు. ఎండాకాలం వస్తే బండలే మిగులుతాయి.

భోజనం నేరడిగొండలోనే ముగించుకుని రండి, కింద చిరుతిళ్ళు తప్ప దొరకవు. నాలుగింటికల్లా ఎక్కడం మొదలుపెడితే చీకటి పడకముందే హైవే మీదికి చేరతారు.