బానెట్ కింద ఎనిమిది వైర్లు

ఊపిరి బిగబట్టి, ట్వీజర్‌తో పట్టుకున్న సన్నటి వైరును బొమ్మ కారు ఇంజిన్‌లోని డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) కన్నంలోకి దూర్చాను. దూరింది! ఇంకా ఏడున్నాయి.

1/24 స్కేల్ మోడల్ కారు ఇది, అంటే అసలు కారులో 24వ వంతు సైజు. అసలు కారులో స్పార్క్ ప్లగ్ వైరు మందం 8 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇందులో 0.33 ఉండాలి. కాస్త లావుది పెట్టామా, ఇంజిన్ మీద పాములు పాకుతున్నట్టే ఉంటుంది.

పైగా ఏ వైరు ఎటు పోవాలో దానికో లెక్కుంది. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 అనే ఈ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో ఇంధనం మండే వరస, 1-8-4-3-6-5-7-2. సరిగ్గా అదే వరసలో కలుపుతున్నా. ఎవరు చూస్తారంటారా? నేను చూస్తాను. బానెట్ మూశాక నాకూ కనిపించదనుకోండి, అది వేరే సంగతి.

పెయింట్‌తోనూ ఇదే గొడవ. అసలు కారుకు వేసే మెటాలిక్ రంగే దీనికీ కొడితే అందులోని మెరుపు రేణువులు మరీ పెద్దగా కనిపిస్తాయి. కారును 24వ వంతుకు తగ్గించారు గానీ రేణువుల్ని తగ్గించలేదు కదా!

"ఇంతకీ ఇది నడుస్తుందా?" అని ఇంట్లో ప్రశ్న. నడవదు. ముందు చక్రాలు మాత్రం అటూ ఇటూ తిరుగుతాయి.

రేపు సీట్ బెల్టులు. వాటి బకిల్స్ పల్చటి లోహపు ముక్కలు, ట్వీజర్ జారిందంటే ఎక్కడికి ఎగురుతాయో దేవుడికే తెలియాలి. అవి అతికించేదాకా ఈ గది ఊడవొద్దని అందరికీ ముందే చెప్పేశాను.