ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: టౌన్ సెంటర్ ఆగిందా, ఆట పోయినట్టే

1999లో వచ్చిన ఈ కంప్యూటర్ వ్యూహాల ఆటను చాలామంది ఇప్పటికీ గుర్రాల మంద వేసుకుని ఊళ్ల మీద పడే ఆటగానే చూస్తారు. నన్నడిగితే గెలుపోటములు సగం మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతాయి. ఆ పది నిమిషాల్లో కత్తి దూసే పని దాదాపు ఉండదు. నేను చెప్పేది 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ గురించి. సెకన్లన్నీ ఆటలోని గడియారం సెకన్లు.

టౌన్ సెంటర్ అంటే పనివాళ్లను, అంటే విలేజర్లను, తయారుచేసే ప్రధాన భవనం. ఒక విలేజర్‌కి 50 ఫుడ్, 25 సెకన్లు పడతాయి. మొదట చేతిలో ఉండేది 200 ఫుడ్, అంటే నలుగురికి సరిపడా. ముగ్గురు విలేజర్లు, ఒక స్కౌట్‌తో (దారులు వెతికే రౌతు) ఆట మొదలవుతుంది కాబట్టి టౌన్ సెంటర్ ఇచ్చే 5 మంది జనాభా పరిమితి మొదటి విలేజర్‌తోనే నిండిపోతుంది. అందుకే ఆట మొదలవగానే ఇద్దరితో ఒక ఇల్లు, మూడోవాడితో ఇంకో ఇల్లు కట్టించాలి. ఇంటికి 25 వుడ్ చాలు.

మొదటి ఆరుగురు గొర్రెల దగ్గర, తర్వాతి నలుగురు చెట్ల దగ్గర. ఆ తర్వాత వచ్చేవాడు అడవిపందిని తోలుకొస్తాడు. ఇంకో నలుగురికి బెర్రీల పక్కన మిల్లు. మిగతావాళ్లు ఎక్కువమంది వుడ్‌కే. మధ్యలో ఒకసారి లూమ్ (విలేజర్ల ప్రాణం పెంచేది) వేసుకుంటే 17 మంది విలేజర్లకు 425, లూమ్‌కి 25, మొత్తం 450 సెకన్లు. ఒక్క క్షణం కూడా ఆపకపోతే 7:30కి 21 జనాభాతో రెండో యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కి నొక్కొచ్చు. దానికి 500 ఫుడ్ కావాలి, 130 సెకన్లు పడుతుంది, అంటే 9:40కి చేరతారు. ఇదే పని 11 నిమిషాలకు అయిందంటే మధ్యలో టౌన్ సెంటర్ 80 సెకన్లు ఖాళీగా కూర్చుందన్నమాట. ముగ్గురు విలేజర్లు గాలికి పోయారు.

ఎందుకు ఆగుతుంది? ఇల్లు మర్చిపోవడం అందరికీ తెలిసిన కారణం. దానికన్నా ఎక్కువ దెబ్బ తీసేది గొర్రెలన్నిటినీ ఒకేసారి కోసేయడం. చచ్చిన గొర్రె కూర్చుంటే కుళ్లిపోతుంది, ఉన్న 100 ఫుడ్ తరిగిపోతుంది. ఒకదాన్ని టౌన్ సెంటర్ కిందికి తెచ్చి కోసి, అది అయ్యాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. అడవిపందిలో 340 ఫుడ్ ఉంటుంది, అదీ కుళ్లేదే, కాబట్టి దాని మీద కనీసం ఏడుగురుండాలి. తోలుకొచ్చేవాడు రెండు బాణాలు వేసి వెనక్కి చూడకుండా పరిగెత్తాలి. లూమ్ లేని విలేజర్ ప్రాణం 25 మాత్రమే, పంది నాలుగు కుమ్ములు కుమ్మితే సరి. ప్రాణం తక్కువగా ఉంటే వాణ్ణి టౌన్ సెంటర్‌లో దాచేసి, గొర్రెల దగ్గరున్న మిగతావాళ్లతో కొట్టించండి.

ఇంకో తప్పు, షిఫ్ట్ నొక్కి ఒకేసారి ఐదుగురిని వరసలో పెట్టేయడం. ఆర్డరిచ్చిన క్షణానే 250 ఫుడ్ కట్ అవుతుంది, ఫ్యూడల్‌కి పోగు చేయాల్సింది అక్కడ ఇరుక్కుపోతుంది. వరసలో ఇద్దరు దాటకూడదు. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్‌కి వెళ్తుంది, ఆ కీ మీద వేలు అలవాటు కావాలి. ఆటలోనే ఉన్న ఆర్ట్ ఆఫ్ వార్ మిషన్లు ఇదంతా పతకాలిచ్చి మరీ నేర్పుతాయి. ఎక్స్‌ట్రీమ్ అనే అతి కష్టమైన స్థాయిలో కూడా కంప్యూటర్ దొంగ వనరులు తీసుకోకుండానే ఆడుతుంది, ఓడితే నిజంగా ఓడినట్టే.

2021లో వచ్చిన నాలుగో భాగంలో ల్యాండ్‌మార్క్ అనే ప్రత్యేక భవనం కట్టి యుగం మారాలి, టౌన్ సెంటర్ విలేజర్లను చేస్తూనే ఉంటుంది. ఆలోచన బాగుంది కానీ నాకు రెండో భాగమే ఇష్టం. ఇందులో ఫ్యూడల్‌కి మారేటప్పుడు 130 సెకన్లు విలేజర్లు రారు. ఆ ఐదుగురిని వదులుకోవడానికి ఇప్పుడు సిద్ధమా, ఇంకో ఇద్దరు వచ్చాకా అని తేల్చుకోవాలి. ఆ పీకులాట లేకపోతే మజా ఏముంది?

ఇక ఆటలో ఎంచుకోగల జాతుల్లో ఒకటైన ద్రవిడియన్లు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో వచ్చారు. క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది. ప్యాచ్‌లతో అంకెలు మారుతుంటాయి గానీ, వీళ్ల అసలు బలం యుగం మారినప్పుడల్లా వచ్చే 200 వుడ్. ఫ్యూడల్‌లో ఆ డబ్బుతో విలుకాళ్లను తయారుచేసే ఆర్చరీ రేంజ్ పెట్టొచ్చు (175), లేదా మూడు పొలాలు (180) వేసుకోవచ్చు. నేనైతే రేంజే అంటాను. ఈటెలు విసిరే స్కిర్మిషర్లు 25 శాతం వేగంగా విసురుతారు కాబట్టి ఎదుటివాడి ఆర్చర్లకు చుక్కలు కనిపిస్తాయి.

వూట్జ్ స్టీల్ అనే వీళ్ల ప్రత్యేక పరిశోధన వేస్తే కాల్బలం, అశ్వబలం దెబ్బలకు కవచం అడ్డురాదు. నిజ చరిత్రలో ఆ ఉక్కు దిమ్మెల కోసం పర్షియా వర్తకులు వచ్చిన ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. ఆ ఉక్కు పేరు ఆటలో కనిపించడం నాకు నచ్చింది. కానీ అది చివరి యుగమైన ఇంపీరియల్ ఏజ్‌లో గానీ దక్కదు, అప్పటిదాకా బతకడమే కష్టం. వీళ్లకు నైట్‌లు (బలమైన రౌతులు) లేరు. అరేబియా లాంటి బయలు మ్యాప్‌లో మూడో యుగమైన కాసిల్ ఏజ్‌కి రాగానే ఎదుటివాడు నైట్‌లతో పొలాల మీద పడతాడు. ఏనుగులు చేద్దామంటే అవి చేరేసరికి వాడు ఇంకో పొలానికి పోతాడు, పైగా శత్రువుల్ని తమవైపు తిప్పుకునే మంక్‌లకు చిక్కుతాయి. వుడ్‌లైన్ (చెట్లు కొట్టే చోటు) దగ్గర ఐదారుగురు స్పియర్‌మెన్ (35 ఫుడ్, 25 వుడ్), ఒకరిద్దరు మంక్‌లు, వెనక టవర్. ఫ్యూడల్‌లో ఉండగానే ఈ ఏర్పాటు మొదలుపెట్టకపోతే అరేబియాలో ద్రవిడియన్లను ఎంచుకోవద్దు. నీళ్లున్న మ్యాప్ వస్తే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి.