ఓకమ్ కేబిన్, డోర్నకల్ రంగులు

మా తాతయ్య డోర్నకల్ జంక్షన్‌లో లీవర్ మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. సిగ్నల్ కేబిన్‌లో ఉండి, లీవర్లు లాగి సిగ్నళ్లు, పట్టాల దారి మార్చే పని అది. సెలవులకు వెళ్లినప్పుడు నాన్నమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని ఆ కేబిన్ మెట్లు ఎక్కడం నాకింకా గుర్తుంది. ఇప్పుడు నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. ఒకసారి పీటర్‌బరో వెళ్తుంటే ఓకమ్ స్టేషన్ దగ్గర లెవెల్ క్రాసింగ్ పక్కన ఒక పాత కేబిన్ కనిపించింది. డోర్నకల్‌లో ఇటుక గోడలు, ఇక్కడ చెక్క. కానీ పైన చుట్టూ కిటికీలు, పక్కన మెట్లు, అంతా అదే పోలిక.

1899లో మిడ్‌లాండ్ రైల్వే కట్టిన కేబిన్ అది. ఎయిర్‌ఫిక్స్ అనే బొమ్మల కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన, ముక్కలు అంటించి కట్టుకునే ప్లాస్టిక్ సిగ్నల్ బాక్స్ (ఇక్కడ కేబిన్‌ని అలా అంటారు) కిట్‌కు అదే నమూనా అని తర్వాత తెలిసింది. అసలు కేబిన్‌లో ఒక అడుగు కిట్‌లో 4 మిల్లీమీటర్లు. ఆ పాత కిట్ ఎలాగైనా సంపాదించాలనుకున్నాను.

మొదటిది ఆన్‌లైన్‌లో కొన్నాను. అమ్మినాయన ‘పూర్తి కిట్’ అని రాశాడు, నేను నమ్మాను. తీరా సంచి విప్పితే రెండు గోడలు అప్పటికే అంటించి ఉన్నాయి. కిటికీ చట్రాలకు మందంగా ఆకుపచ్చ రంగు. పొగగొట్టం లేదు, మెట్లలో ఒక ముక్క లేదు. ఆ రోజు నిజంగా చాలా బాధపడ్డాను. డబ్బు వెనక్కి అడగొచ్చు, కానీ ముక్కలు చేతిలోకి తీసుకున్నాక పంపించబుద్ధి కాలేదు.

రంగు వదిలించడానికి ఇక్కడివాళ్లు వాడేది డెటాల్. ముక్కల్ని ఒక రాత్రంతా అందులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రంగు పూర్తిగా వదలకముందే నీళ్లు తగిలితే జిగట ముద్దలా ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. అందుకే మొదటి కడుగుడు కూడా డెటాల్‌తోనే కడగాలి. గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి చేశాను. గోడల అతుకు మాత్రం రాలేదు. ఈ కిట్లకు వాడే ‘సిమెంట్’ అనే జిగురు, ముక్కల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ని కరిగించి ఒకటిగా కలిపేస్తుంది కాబట్టి, లాగితే గోడే విరుగుతుంది. అలాగే వదిలేశాను.

లేని ముక్కల సంగతి తేలిగ్గానే తేలింది. ఎయిర్‌ఫిక్స్ రైల్వే అచ్చులు 1980లలో డాపోల్ కంపెనీకి వెళ్లాయి, ఆ కిట్‌ను వాళ్లు తమ పేరుతో అమ్ముతున్నారు. ఒకటి కొని పొగగొట్టం, మెట్లు అందులోంచి తీసుకున్నాను. ప్లాస్టిక్ రంగులో కొంచెం తేడా ఉంది. కలెక్టర్ల లెక్కలో ఇది ఇక అసలు కిట్ కాదు. ఎప్పుడైనా అమ్మితే ఏ ముక్క ఎక్కడిదో రాసే అమ్ముతాను.

కలెక్షన్ కోసం రెండోది వేరే కొన్నాను. ఈసారి తొందరపడలేదు. ప్లాస్టిక్ సంచికి పైన ఒక అట్ట మడిచి పిన్నులు కొట్టి ఉంటుంది. సంచి విప్పలేదని చెప్పేది ఆ పిన్నులే. పాత పిన్ను తుప్పు పట్టి అట్ట మీద మరక వేస్తుంది. మరక ఉండి పిన్ను మెరుస్తుంటే ఎవరో విప్పి మళ్లీ కొట్టారన్నమాట. అట్ట మీది లోగో రకాన్నిబట్టి అది ఏ కాలంనాటిదో చెప్తారు. విప్పిన కిట్ అయితే ముక్కలన్నీ పరిచి ఫొటో తీసి పంపమని అడగాలి, సూచనల కాగితంలోని నంబర్లతో సరిచూసుకోవాలి. నాకు దొరికినది విప్పనిది. అది ఎండ తగలని అల్మారాలో ఉంది, దాన్ని విప్పను.

మొదటిది మాత్రం కట్టేశాను. లోపల సన్నటి తీగతో లీవర్లు నేనే చేశాను, ఒక్కొక్కటి 17 మిల్లీమీటర్లు. రంగుల కోసం నాన్నకు ఫోన్ చేస్తే, ఆలోచించకుండానే చెప్పారు: “సిగ్నళ్లకి ఎరుపు, పాయింట్లకి నలుపు, లాకులకి నీలం. తాతయ్య నూనె గుడ్డతో రోజూ తుడిచేవారు రా.” పాయింట్లంటే రైలును ఒక పట్టా మీంచి ఇంకోదానికి మళ్లించేవి, లాకులంటే వాటిని కదలకుండా పట్టి ఉంచేవి. వెతికి చూస్తే ఇంగ్లండ్‌లోనూ అవే రంగులు. అలాగే వేశాను.

పైకప్పు ఇంకా అంటించలేదు. నాన్న వచ్చే వేసవిలో ఇక్కడికి వస్తున్నారు. లీవర్ల వరస సరిగ్గా ఉందని ఆయన చూసి చెప్పాకే అంటిస్తాను.