కుళ్లిన చేపలు, బలిసిన చెట్లు: ఆడమ్స్ నది ఒడ్డున

స్క్విలాక్స్ వంతెన దాటి ఆడమ్స్ నది వైపు తిరగ్గానే కారు అద్దాలు ఎత్తేశాం. అయినా నీచు వాసన లోపలికొచ్చేసింది. "ఇంత కంపు చూడ్డానికా రా అయిదారు గంటలు కార్లో కూర్చోబెట్టావు?" అంది అమ్మ. రాజమండ్రి మనిషి. చేపల విషయంలో ఆవిడ తీర్పుకి మా ఇంట్లో అప్పీలు లేదు.

కెనడాలోని వాంకూవర్ నుంచి బయల్దేరి, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం లోపలి కొండల్లో షుస్వాప్ సరస్సు పక్కనున్న చూచ్‌వెక్ పార్కుకి వెళ్లాం. అది 2022 అక్టోబరు. ఇక్కడ పుట్టిన సాకై సాల్మన్ చేపల్లో ఎక్కువ భాగం నాలుగో ఏట గుడ్లు పెట్టడానికి ఇక్కడికే తిరిగొస్తాయి. ఇలా ఒక్కో ఏడు వచ్చే నాలుగు వరసల్లో ఒకటి బాగా బలంగా ఉండటంతో నాలుగేళ్లకోసారి ఈ చిన్న నది తిరునాళ్లలా ఉంటుంది. 2010, 2014, 2018, ఆ తర్వాత మేం వెళ్లిన ఏడు. కాకపోతే ఆ శరత్తులో వానల్లేవు. నీళ్లు పల్చగా ఉండి, చాలాచోట్ల చేపల వీపులు బయటికే కనబడుతున్నాయి.

సముద్రం నుంచి ఇక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు, అంతా ఏటికి ఎదురీతే. నదిలో అడుగుపెట్టాక అవి తిండి ముట్టవు. ఒంట్లో ఉన్న కొవ్వూ కండా కరిగించుకుంటూ వస్తాయి. వచ్చేసరికి ఒళ్లు మిరపపండు రంగు, తల ముదురాకుపచ్చ. మగవాటికి గూని, కొక్కెంలా వంగిన దవడ. ఒడ్డుకి రెండు మూరల దూరంలో ఒక ఆడచేపని చాలాసేపు చూశాను. పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్లని టపటపా కొడుతుంది, కాసేపు ఆగి మళ్లీ కొడుతుంది. తోక అంచు అరిగిపోయి తెల్లటి ముళ్లు బయటపడ్డాయి. గుంట తయారయ్యాక గుడ్లు వదిలి, ఎగువనున్న రాళ్లు తవ్వి వాటిమీద కప్పుతుంది. ఒక్కో తల్లి మూడు నాలుగు వేల గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే చచ్చిపోతుంది. తల్లీ తండ్రీ, ఏ ఒక్కటీ మిగలదు.

ఆ చచ్చినవే ఒడ్డు పొడుగునా పడున్నాయి. కళ్లు సముద్రపు కాకులు పొడుచుకుపోయాయి, చర్మం మీద తెల్లటి బూజు. ముట్టుకోవద్దని బోర్డులు పెట్టారు. "ఇంత చేపని ఇలా పారేసుకుంటారా?" అని అమ్మ నొచ్చుకుంది. దారి చూపిస్తున్న వాలంటీరు పెద్దాయన అది విని (నేనే ఇంగ్లీషులో చెప్పాను) నవ్వి, నీళ్లలోంచి ఒక రాయి తీసి తిప్పి చూపించాడు. దానికి అతుక్కుని, ఇసక రేణువులతో గూడు కట్టుకున్న చిన్న చిన్న పురుగులు. పక్కనే తేలుతున్న కళేబరం మీదా అవే, గుంపుగా. ఆ పురుగుల్ని నదిలో ఉండే పిల్లచేపలు తింటాయి, రాలిన గుడ్లు పక్షులు తింటాయి. కరిగిన నత్రజని, భాస్వరం నాచుకి అందుతాయి, మిగిలింది కిందనున్న సరస్సులోకి పోతుంది. సాకై పిల్లలు సముద్రానికి వెళ్లేముందు ఒక ఏడాది పెరిగేది ఆ సరస్సులోనే. అంటే తల్లిదండ్రుల ఒళ్లే చుట్టూ తిరిగి పిల్లల నోటికి చేరుతుంది.

నాకు ఆశ్చర్యం ఇక్కడే. నది తన దగ్గరున్నదంతా కిందికే మోస్తుంది. సముద్రంలోని సారాన్ని కొండల్లోకి ఎక్కించేది ఈ చేపే. దాని బరువులో 95 శాతానికి పైగా సముద్రంలో పెరిగిందే. సముద్రపు నత్రజనిలో బరువైన ఐసోటోపు (అదే మూలకంలో కాస్త బరువెక్కువ రకం) వాటా ఎక్కువ. ఆ గుర్తు పట్టుకునే శాస్త్రజ్ఞులు చెట్ల ఆకుల్లో సాల్మన్‌ని లెక్కకట్టారు. ఎలుగుబంట్లు చేపని అడవిలోకి ఈడ్చుకెళ్లి, రుచైన చోటు కొరికి, మిగతాది వదిలేస్తాయి. అది చెట్టు వేళ్లకి ఎరువు. అలాస్కాలో హాన్సెన్ క్రీక్ అనే వాగు దగ్గర వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పని మరీ ముచ్చటగా ఉంటుంది. 20 ఏళ్లపాటు, లెక్కపెట్టిన కళేబరాలన్నీ ఒకే ఒడ్డుకి విసిరారు. మొత్తం రెండున్నర లక్షల కిలోలకు పైనే. ఆ ఒడ్డున స్ప్రూస్ చెట్ల ఎదుగుదల వేగం పుంజుకుంది.

అలాగని సాల్మన్ రాగానే వాగంతా పచ్చగా కళకళలాడుతుందనుకోకూడదు. ముందు అది చేసేది విధ్వంసమే. వేలకొద్దీ తోకలు అడుగంతా తవ్వేస్తే నాచు లేచిపోతుంది, పురుగులు కొట్టుకుపోతాయి. మా ముందే ఒక మడుగు రాళ్లు కడిగినట్టు తెల్లబడి ఉన్నాయి. మేలెంత, కీడెంత అన్నది ఆ వాగునీ, చేపల సంఖ్యనీ బట్టి మారుతుంది.

తిరుగు దారిలో హెల్స్ గేట్ దగ్గర ఆగాం. 1914లో రైలుమార్గం పనుల్లో కొండరాళ్లు పడి, ఈ చేపలు సముద్రం నుంచి ఎక్కివచ్చే ఫ్రేజర్ నది అక్కడ ఇరుకై, ఎదురొచ్చే సాల్మన్‌కి దారి మూసుకుపోయింది. 1940ల్లో గానీ చేపలమెట్లు (చేపలు ఎదురెక్కడానికి వీలుగా కట్టే దారులు) కట్టలేదు. "మన ధవళేశ్వరం లాగానా?" అంది అమ్మ. పులసా అంతే, వరదనీటికి సముద్రం నుంచి ఎదురెక్కి, ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. గుడ్లు పెట్టి వెనక్కి పోయే చేప కాబట్టి గోదావరికి తన ఒంటిని వదిలిపెట్టదు, అంతే తేడా. ఇక్కడ చేప తగ్గితే అడవికి ఎరువూ తగ్గుతుంది. అమెరికా వాయవ్య రాష్ట్రాల నదులకి ఒకప్పుడు సాల్మన్ తెచ్చిన నత్రజని, భాస్వరాల్లో ఇప్పుడు అందేది 6, 7 శాతమేనని 2000లో ఒక అంచనా. అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలో హేచరీ (చేపపిల్లల్ని పొదిగించి పెంచే కేంద్రం) చేపల కళేబరాలని మనుషులే మోసుకెళ్లి వాగుల్లో పడేస్తున్నారు.

2023 ఆగస్టులో కార్చిచ్చు ఆ పార్కుని చాలావరకు కాల్చేసింది. కాలిన కొండల నుంచి బురద జారి గులకల సందులు పూడితే కింద గుడ్లకి ఊపిరాడదు. మళ్లీ పెద్ద ఏడు 2026. వెళ్లేవాళ్లు అక్టోబరు మొదటి సగంలో వెళ్లండి, అంతకుముందు దారులు తెరిచారో లేదో కనుక్కోండి. పాత బూట్లు వేసుకోండి, వాసన వారం దాకా వదలదు.