ఆర్బిటర్‌లోకి పక్ వచ్చేసింది, సగం మాత్రం ఖాళీగా ఉంచాను

యురేనస్ చుట్టూ తిరిగే పక్ అనే చిన్న ఉపగ్రహాన్ని ఆర్బిటర్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో పెట్టే పని అయిపోయింది. అయిపోయింది అంటున్నాను గానీ దాని ఉత్తరం వైపు సగం ఇంకా బూడిద రంగులో ఖాళీగానే ఉంది, అది కావాలనే వదిలేశాను. ఎందుకో కింద చెప్తాను, ముందు మిగతా సంగతి.

ఆర్బిటర్ అంటే మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఉచిత స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్, 2021లో సోర్స్ కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు. పాయింట్లు, లెవెళ్ళు ఏమీ ఉండవు, ఓడ మనది, గురుత్వం న్యూటన్‌ది. నాకు దీనిలో బాగా నచ్చేది ఏంటంటే గ్రహాల వివరాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. కొత్త ఉపగ్రహం కావాలంటే దాని పేరుతో ఒక కాన్ఫిగ్ ఫైల్ రాసి, సౌరకుటుంబం ఫైల్‌లో యురేనస్ కింద ఒక లైన్ చేర్చితే చాలు. దేవరకొండలో మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. నా కాపీలో యురేనస్‌కు మిరాండా, ఏరియల్, అంబ్రియల్, టైటానియా, ఒబెరాన్ అని పెద్దవి ఐదు ఉన్నాయి, పక్ లేదు.

పక్ మీదే నాకెందుకంత ఇష్టమంటే అది దొరికిన తీరు అలాంటిది. నాసా పంపిన వాయేజర్ 2 అనే ఓడ యురేనస్ దగ్గరికి వెళ్తుండగా 1985 డిసెంబర్ 30న ఇది బయటపడింది. వాయేజర్ యురేనస్‌ను దాటింది 1986 జనవరి 24న, అంటే మధ్యలో నెల కూడా లేదు. ఏ నిమిషంలో కెమెరా ఎటు తిరగాలో అప్పటికే రాసిపెట్టి ఉంది, అయినా కొత్తగా దొరికిన వాటిలో ఇదే పెద్దది, పైగా ముందే దొరికింది కాబట్టి ఆ షెడ్యూల్‌లో దీనికీ కాస్త చోటు చేశారు. దాదాపు ఐదు లక్షల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటో అది. పెద్దది చేసి చూస్తే పక్ అడ్డంగా ముప్పై నలభై పిక్సెళ్ళు ఉంటుంది, మసకగా గుండ్రంగా, అక్కడక్కడ నల్లటి గుంటలతో. ఆ గుంటల్లో మూడింటికి బోగుల్, బట్జ్, లాబ్ అని పేర్లు కూడా పెట్టారు. తర్వాత హబుల్ టెలిస్కోప్ చూసింది, 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన యురేనస్ ఫొటోలోనూ ఉంది, కానీ వాటిలో అది ఒక చుక్క. దగ్గరి నుంచి చూసిన చూపు ఇప్పటికీ ఆ ముప్పై నలభై పిక్సెళ్ళే.

వెడల్పు 162 కిలోమీటర్లు, మ్యాప్ మీద పాలమూరు నుంచి మిర్యాలగూడకు గీత గీస్తే ఇంచుమించు అంత.

అసలు పని కక్ష్య దగ్గర పడింది. పక్ యురేనస్ కేంద్రం నుంచి 86,004 కిలోమీటర్ల దూరంలో, 18 గంటల 17 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. పట్టికల్లో దాని కక్ష్య వాలు 0.3 డిగ్రీలు అని కనిపిస్తుంది, కానీ అది యురేనస్ మధ్యరేఖతో పోల్చి చెప్పేది. ఆర్బిటర్ అడిగేది భూమి కక్ష్య తలంతో పోల్చిన వాలు, యురేనస్ ఏమో పక్కకు పడుకుని తిరిగే గ్రహం, కాబట్టి అక్కడ రాయాల్సింది 98 డిగ్రీలకు దగ్గర్లో ఉండే అంకె. నాసాకు చెందిన జెపిఎల్ ల్యాబ్ వాళ్ళ హొరైజన్స్ అనే ఆన్‌లైన్ సేవలో ఈ తలానికి తగ్గట్టు విలువలు ఉచితంగా దొరుకుతాయి.

అయితే ఇవన్నీ సరిగ్గా రాసినా ఒక తేడా మిగిలిపోతుంది, ఎవరైనా వేరే ఉపగ్రహం పెట్టాలనుకుంటే ఇది తప్పకుండా తెలియాలి. దూరం 86,004 అని ఇస్తే ఆర్బిటర్ యురేనస్ బరువును బట్టి కెప్లర్ సూత్రంతో చుట్టు సమయం లెక్కేసుకుంటుంది, అది నిజమైన సమయం కంటే దాదాపు 15 సెకన్లు ఎక్కువ వస్తుంది. కారణం యురేనస్ ఆకారం. అది నిఖార్సైన గోళం కాదు, నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బు వల్ల పక్ మీద లాగుడు కొంచెం ఎక్కువై అది కొంచెం వేగంగా తిరుగుతుంది. సాదా కెప్లర్ సూత్రానికి ఆ ఉబ్బు సంగతి తెలియదు. 15 సెకన్లే కదా అనిపిస్తుంది, కానీ పక్ ఏడాదికి 480 చుట్లదాకా తిరుగుతుంది, అంటే ఏడాది గడిచేసరికి దాదాపు రెండు గంటలు వెనకబడుతుంది, అంటే ఉండాల్సిన చోటు నుంచి 40 డిగ్రీలకు దగ్గరగా పక్కకు పోతుంది. భూమి నుంచి బయల్దేరి ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి వెళ్ళిన ఓడకు అక్కడ పక్ ఉండదు.

నేను చేసింది ఏంటంటే దూరాన్ని 13 కిలోమీటర్లు తగ్గించి 85,991 అని ఇచ్చాను, చుట్టు సమయం కచ్చితంగా కుదిరింది. దూరం కావాలా సమయం కావాలా అంటే నేను సమయమే కోరుకుంటాను. ఎనభై ఆరు వేలలో పదమూడు ఎక్కడా కనబడదు, పక్ మాత్రం ఏ తేదీకి చూసినా తన చోట తాను ఉంటుంది.

మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు, సెలవులకు వచ్చి పక్కనే కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "గింత చిన్నదానికి గింత లెక్క ఎందుకు మామా" అన్నాడు గానీ, బరువు దగ్గరికి వచ్చేసరికి వాడే పెన్ను పట్టుకున్నాడు. పక్ బరువును దగ్గరికి వెళ్ళి కొలిచిన ఓడ ఏదీ లేదు, ఫైల్ మాత్రం ఒక అంకె అడుగుతుంది. పక్కనున్న మిరాండా సాంద్రత నీటి కంటే కొంచెం ఎక్కువ, 1.2 దాకా ఉంటుంది, అందుకని దీనికీ అదే అనుకున్నాం. అలా లెక్కేస్తే బరువు 2.67 × 10¹⁸ కిలోలు వచ్చింది. ఇది అంచనా అని ఫైల్‌లోనే పై వరుసలో కామెంట్ రాసి పెట్టాను, ఎవరు తెరిచినా మొదట అదే కనిపించాలని.

ఈ బరువుతో గురుత్వం భూమి మీద ఉన్నదానిలో 360వ వంతు. ఎత్తిన చెయ్యి నుంచి, అంటే రెండు మీటర్ల పైనుంచి ఒక రాయి వదిలితే నేలను తాకడానికి 12 సెకన్లు. గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటే పక్‌ను వదిలి వెళ్ళిపోవచ్చు. ఇంతకంటే ఆసక్తిగా ఉన్నది దాని చుట్టూ తిరగడం. యురేనస్ అంత దగ్గరగా ఉండడం వల్ల పక్ తన మాట చెల్లించుకోగలిగిన మేర చాలా తక్కువ, లెక్క ప్రకారం నేల నుంచి 105 కిలోమీటర్ల ఎత్తు దాకానే, ఆ పైన రాజ్యం యురేనస్‌ది. ఆర్బిటర్‌లో ఉండే డెల్టాగ్లైడర్ అనే ఓడను 60 కిలోమీటర్ల ఎత్తులో, పక్ తిరిగే దిశలోనే తిప్పితే కక్ష్య కాసేపటికే సాగిపోయి ఓడ యురేనస్ వైపు జారిపోయింది. అదే ఎత్తులో ఎదురు దిశలో తిప్పితే వంకర టింకరగానైనా నిలబడింది. ఎదురు కక్ష్యలు ఎక్కువ దూరం దాకా నిలుస్తాయని పుస్తకంలో చదవడం వేరు, తెర మీద ఆ గీత తెగకుండా చుట్టు మీద చుట్టు పడుతుంటే చూడడం వేరు. ఇద్దరం అన్నం సంగతి మర్చిపోయాం. కెర్బల్ అనే ఇంకో స్పేస్ గేమ్‌లో అయితే ఒకసారికి ఒక్క గోళం గురుత్వమే లెక్కలోకి వస్తుంది కాబట్టి ఈ లాగులాట కనబడదు.

ఇక ఆ ఖాళీ సగం. 1986లో యురేనస్ దక్షిణ ధ్రువం సూర్యుడి వైపు తిరిగి ఉంది, ఉపగ్రహాలు కూడా మధ్యరేఖ మీదే తిరుగుతాయి కాబట్టి వాయేజర్‌కు వాటి ఉత్తర భాగాలు చీకట్లో ఉన్నాయి. అందుకే పక్ ఉత్తరం ఎలా ఉంటుందో చూపించే ఫొటో లేదు. ఇలాంటి చోట చాలామంది కంప్యూటర్‌తో గుంటలు పుట్టించి నింపేస్తారు, చూడ్డానికి బాగుంటుంది కూడా. మావాడు ఇంకో అడుగు ముందుకేసి మన దేవరకొండ గుట్ట మీది బండల ఫొటో తీసి పెడదామన్నాడు. బండ దగ్గరికి వెళ్ళి చూస్తే ఎర్రటి, తెల్లటి పలుకులు, మధ్యలో నల్లటి మచ్చలు, పగుళ్ళలో ఎండిన నాచు, నిజంగానే అందంగా ఉంటుంది. కానీ పక్ తన మీద పడే వెలుగులో పదో వంతు మాత్రమే తిప్పి పంపే ముదురు బూడిద రంగు గోళం, పైగా ఒకసారి బండలు పెట్టేస్తే ఈ ఫైల్ వాడే పిల్లలు పక్ అలాగే ఉంటుందనుకుంటారు. అది నాకు ఇష్టం లేదు. దక్షిణం వైపు వాయేజర్ ఫొటోలో కనబడే మచ్చలు మాత్రం పెట్టాను, అవి కూడా మసకగానే ఉంచాను. ఉత్తరానికి సాదా బూడిద రంగు. రేపు ఏదైనా ఓడ వెళ్ళి ఫొటో తీస్తే అప్పుడు నింపుదాం, అప్పటిదాకా అక్కడ దిగేవాళ్ళు ఆ బూడిద రంగు మీదే దిగాలి.

ఎక్కడ దిగాలో అడిగితే మాత్రం యురేనస్‌కు ఎదురుగా ఉండే వైపు దిగండి. చుట్టు సమయం, తన చుట్టూ తాను తిరిగే సమయం ఒకటేనని పెట్టాను, అందుకని యురేనస్ ఆకాశంలో ఒకే చోట నిలిచి ఉంటుంది, వెడల్పు 35 డిగ్రీలు, మన నిండు చందమామకు దాదాపు 70 రెట్లు.

బరువు మార్చి చూడాలనుకుంటే ఫైల్‌లో మాస్ లైన్ ఒక్కటి మారిస్తే చాలు. సాంద్రత 1 అనుకుంటే 2.2 × 10¹⁸ వస్తుంది, అప్పుడు ఎదురు కక్ష్య ఎంత ఎత్తు దాకా నిలుస్తుందో ఎవరైనా చూస్తే నాకు చెప్పండి. తర్వాతి పని 2025లో జేమ్స్ వెబ్ ఫొటోల్లో దొరికిన కొత్త ఉపగ్రహం, ఎస్/2025 యు1, పది కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అది 56,000 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి యురేనస్ ఉబ్బు దాన్ని ఇంకా గట్టిగా లాగుతుంది, 13 కిలోమీటర్ల సవరణ దానికి సరిపోదు, 20 కిలోమీటర్ల దాకా తగ్గించాలని వస్తోంది. మావాడు ఆ లెక్క మళ్ళీ ఒకసారి మొదటి నుంచి వేస్తున్నాడు.